సున్నపు గోడల ఊళ్ళో నాలుగు గంటలు

వంకాయని చక్రాల్లా తరిగి, పిండిలో దొర్లించి, కరకరలాడేలా వేయించి, పైన చెరకు పాకం ధారగా పోసి వడ్డిస్తే మీ ఇంట్లో ఏమంటారు? "వంకాయ మీద పాకమా! ఇదెక్కడి వంటే తల్లీ!" అని అత్తగారు ముక్కున వేలేసుకుంటారు, అవునా? కానీ స్పెయిన్ దేశంలో దక్షిణాన, కొండ వాలున ఉన్న ఓ చిన్న ఊళ్ళో హోటలుకి వెళ్ళి కూర్చుంటే మీ ముందుకొచ్చే పళ్ళెం సరిగ్గా ఇదే. ఆ ఊరి పేరు ఫ్రిహిలియానా. మూడు వేల పైచిలుకు జనాభా. మన దగ్గర ఓ మాదిరి పల్లెటూరంత.

ఈ రోజుల్లో పిల్లలు లండన్‌లోనో, జర్మనీలోనో ఉద్యోగాలు చేసుకుంటూ అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్నారు. వెళ్ళినవాళ్ళకి పెద్ద పెద్ద ఊళ్ళూ, చర్చిలూ, మ్యూజియంలూ చూసేసరికి కాళ్ళు పీకుతాయి, తల తిరుగుతుంది. అలాంటప్పుడు ఒక్క పూట తీరిగ్గా ఓ చిన్న ఊళ్ళో తిరిగొస్తే ప్రాణం లేచొస్తుంది. వెళ్ళే యోగం లేకపోయినా ఫర్వాలేదు లెండి. రండి, ఈ పేజీల్లోనే ఓసారి ఆ మెట్లెక్కి దిగొద్దాం.

ఎలా వెళ్ళాలంటే...

స్పెయిన్ దక్షిణ తీరంలో మాలగా అనే పెద్ద నగరం ఉంది. విమానాశ్రయం అక్కడే. అక్కణ్ణించి తూర్పుగా సముద్రం పక్కనే బస్సులో గంటకు పైగా ప్రయాణం చేస్తే నెర్హా అనే పట్నం వస్తుంది. నెర్హా నుంచి కొండ మీదికి ఆరు కిలోమీటర్లు. చిన్న బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే, ఓ మలుపులో ఉన్నట్టుండి కనిపిస్తుంది ఊరు. ఆకుపచ్చని కొండకి ఎవరో తెల్లటి బట్టలు ఆరేసినట్టు!

సముద్ర మట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. వెనక అల్మిహారా కొండలు, ముందు దూరంగా నీలి సముద్రం. ఉదయం పదిన్నరకల్లా దిగేలా చూసుకోండి. ఎండ ముదరకముందే ఎక్కుడు పని అయిపోతుంది.

ముందుగా చెరకు ఇల్లు

ఊరి మొదట్లోనే కోటలా ఓ పెద్ద పాత కట్టడం కనిపిస్తుంది. పేరు 'ఎల్ ఇన్‌హేనియో'. పదహారో శతాబ్దం చివర్లో ఇక్కడి ప్రభువుల కుటుంబం కట్టించుకున్న మేడ అది. తరవాత చెరకు గానుగ అయింది. ఇప్పటికీ దాన్లో 'మియెల్ దె కాన్యా' తయారవుతోంది. అంటే 'చెరకు తేనె' అని అర్థం. పేరుకే తేనె, తేనెటీగకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు! చెరకు రసాన్ని కాచి కాచి చిక్కబరిచిన నల్లటి పానకం అది. యూరప్ ప్రధాన భూభాగం మీద ఇలాంటిది చేసే మిల్లు ఇదొక్కటే మిగిలిందని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

మన అనకాపల్లి వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. బెల్లం అచ్చు పోయడానికి ముందు పెనంలో కుతకుతలాడే పాకం ఎలా ఉంటుందో, ఆ వాసనెలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. ఇదీ దాని అక్కచెల్లెలే అనుకోండి. కాస్త ముదురు, కాస్త చేదు కలిసిన తీపి.

చెరకు ఇంత దూరం ఎలా వచ్చిందంటారా? చెరకు రసం నుంచి పలుకు చక్కెర తీయడం నేర్పింది మన దేశమే. ఆ విద్య ఇక్కణ్ణించి పర్షియాకీ, అక్కణ్ణించి అరబ్బులకీ వెళ్ళింది. సుమారు వెయ్యేళ్ళ కిందట అరబ్బులు దాన్ని ఈ స్పెయిన్ తీరానికి తెచ్చారు. మన 'శర్కర' పర్షియాలో 'షకర్' అయి, అరబ్బీలో 'సుక్కర్' అయి, స్పానిష్‌లో 'అసూకర్' అయింది. 1493లో కొలంబస్ రెండోసారి ఓడెక్కినప్పుడు చెరకు మొక్కల్ని అట్లాంటిక్ అవతలకి తీసుకెళ్ళాడు. చివరికి అక్కడి చౌక చక్కెరే స్పెయిన్ చెరకు రైతుకి పోటీ అయి కూర్చుంది. ఈ తీరంలో ఆఖరి చక్కెర మిల్లు 2006లో మూతపడింది. అది పక్క జిల్లాలోని సలోబ్రేన్యాలో ఉండేది. అందుకే ఫ్రిహిలియానా పానకం సీసాకి అంత విలువ మరి.

వంకాయ కథా అలాంటిదే. సంస్కృతంలో 'వాతింగణ', పర్షియాలో 'బాదింగాన్', అరబ్బీలో 'బాదింజాన్', స్పానిష్‌లో 'బెరెన్‌హేనా'. చూశారా, ఆ పళ్ళెంలో ఉన్నవి రెండూ మన పెరటి వస్తువులే!

గోడకి సున్నం, నేలకి ముగ్గు

చెరకు మిల్లు దాటి మెట్ల దారి పట్టండి. పై పేటని 'బార్రిబార్తో' అంటారు. పాత ఊరంటే ఇదే. ఇక్కడికి కార్లు రావు, రాలేవు కూడా. సందులు ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సినంత ఇరుకు. ఆ ఇరుకు తెలియక చేసింది కాదండోయ్. ఎండాకాలం మాడ్చేసే ప్రాంతం కదా, ఎదురెదురు ఇళ్ళ నీడ ఒకదాని మీద ఒకటి పడి సందంతా చల్లగా ఉండేలా అలా కట్టుకున్నారు. కొన్ని సందులు ముందుకెళ్ళి గోడకి కొట్టుకుని ఆగిపోతాయి. కొన్ని ఇంటి కిందనుంచే దూరి అవతల తేలతాయి.

గోడలన్నీ తెలుపు. సున్నపు రాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి తడిపి, ఆ వెల్ల వేస్తారు. మనం పండక్కి వేసేదే. తెలుపు ఎండని తిప్పికొడుతుంది, సున్నం పురుగునీ తెగుళ్ళనీ దరి చేరనివ్వదు. ఏడాదికోసారి వేసిన పూత మీదే పూత పడి పడి, గోడల మూలలు కూడా పదును పోయి, పిండి ముద్దలా గుండ్రంగా తిరిగి ఉంటాయి.

ఈ దక్షిణ స్పెయిన్ పల్లెల్లో పాతకాలంలో వెల్ల వేసే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. పొడవాటి కర్రకి కుంచె కట్టి, తలకి గుడ్డ చుట్టుకుని, ఎండలు ముదిరేలోగా ఇంటి ముందు గోడ తెల్లబరిచేవాళ్ళు. ఫోటోల్లో చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనేస్తాం. ఆ తెలుపు ఊరికే రాలేదు. చేతులకి సున్నం కొరుకుళ్ళు పడితే వచ్చింది.

ఇక నేల చూడండి. తెల్లవీ, నల్లవీ గులకరాళ్ళు ఏరి తెచ్చి, నిలబెట్టి పొదిగి పువ్వులూ, చారలూ, చుక్కలూ దిద్దారు. మన ముగ్గులే! కాకపోతే పొద్దున్నే చెరిగిపోయే ముగ్గు కాదు. గాడిదల గిట్టలు జారకుండా పట్టు ఇచ్చేదీ ఆ రాళ్ళే. ఒకప్పుడు నీళ్ళూ, కట్టెలూ, ధాన్యం మూటలూ అన్నీ ఈ మెట్ల మీద గాడిదల వీపునే పైకెక్కాలి. ఈ ఊరి అందానికి 1982లో స్పెయిన్ జాతీయ బహుమతి వచ్చింది.

మెట్ల మీద ఓ కన్నీటి కథ

పై పేటలో తిరుగుతుంటే గోడల మీద అక్కడక్కడా రంగుల పింగాణీ పలకలు కనిపిస్తాయి. మొత్తం 12. పర్యాటకులు చాలామంది వాటి పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వెళ్ళిపోతారు. మీరు మాత్రం ఓ నిమిషం ఆగండి. ఊరి అసలు కథ అక్కడుంది.

స్పెయిన్‌లో సుమారు 800 ఏళ్ళు ముస్లిం రాజ్యాలు ఉండేవి. 1492లో గ్రనాడా పతనంతో ఆఖరిది అంతమైంది. ఆ తరవాత కొన్నేళ్ళకే అక్కడి ముస్లింలని మతం మార్చుకుంటారా, దేశం వదులుతారా అన్నారు. మారి ఉండిపోయిన వాళ్ళని 'మొరిస్కోలు' అన్నారు. ఈ మెట్లూ, సందులూ, చెరకు తోటలూ, కొండ మీంచి నీళ్ళు దింపే కాలవలూ... అన్నింట్లోనూ వాళ్ళ చెయ్యి ఉంది.

1567లో రెండో ఫిలిప్ రాజు ఓ శాసనం చేశాడు. చదివితే అది రాజ్యానికి సంబంధించినదా, వంటింటికి సంబంధించినదా అనిపిస్తుంది. ఇక మీదట మొరిస్కోలు అరబ్బీ మాట్లాడకూడదు, ఇంట్లో కూడా! వాళ్ళ దుస్తులు వాళ్ళు కట్టుకోకూడదు. ఆడవాళ్ళు ముసుగు తీసేయాలి. స్నానశాలలు మూసేయాలి. గోరింటాకు పెట్టుకోకూడదు. పెళ్ళిళ్ళప్పుడూ, శుక్రవారాలూ ఇంటి తలుపులు బార్లా తెరిచి పెట్టాలి... లోపల ఏం చేస్తున్నారో బయటివాళ్ళకి కనిపించాలిగా!

ఆలోచించండి. ఎవరో వచ్చి "నీ బిడ్డతో నీ భాషలో మాట్లాడకు, నీ చేతికి గోరింటాకు పెట్టుకోకు, నీ వీధి తలుపు వేసుకోకు" అంటే? సహించలేక 1568 చివర్లో గ్రనాడా కొండల్లో జనం తిరగబడ్డారు. మరుసటేడు ఆ నిప్పు ఇక్కడికీ పాకింది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా పిల్లాపాపలతో ఫ్రిహిలియానా పైనున్న కొండ మీదికి చేరారు. 1569 జూన్‌లో రాజు సేనలు ఆ కొండని ముట్టడించాయి. ఆ యుద్ధ కాలంలోనే ఉన్న చరిత్రకారుడు లూయిస్ దెల్ మార్మోల్ ఆడవాళ్ళు కూడా మగవాళ్ళతో సమానంగా పోరాడారని రాశాడు. పట్టుబడడం కన్నా చావే నయమని కొండ మీంచి దూకేసిన తల్లులున్నారనీ రాశాడు.

మిగిలినవాళ్ళని ఊళ్ళు ఖాళీ చేయించి దూర ప్రాంతాలకి తోలేశారు. ఖాళీ ఇళ్ళలోకి వేరే చోట్ల నుంచి కొత్తవాళ్ళని తెచ్చి పెట్టారు. చివరికి 1609 నుంచి 1614 లోపు స్పెయిన్ మొత్తం మీద సుమారు 3 లక్షల మంది మొరిస్కోలని దేశం నుంచే పంపేశారు.

మనుషులు వెళ్ళారు. మరి భాష? స్పానిష్ వాళ్ళు వంటనూనెని 'అసేయితె' అంటారు, అరబ్బీ మాట. నీటి కాలవని 'అసేకియా' అంటారు, అరబ్బీ మాట. తలగడని 'అల్మోఆద' అంటారు, అదీ అరబ్బీ మాటే! ఆ భాషని నిషేధించిన రాజుగారు కూడా రాత్రయితే తల పెట్టుకున్నది అరబ్బీ పేరున్న తలగడ మీదే అన్నమాట. వంకాయా, చెరకు పానకమూ ఊళ్ళోనే ఉండిపోయాయి. కొత్తగా వచ్చిన ఇల్లాళ్ళు ఆ పొలాల్లో పండేవే వండుకున్నారు.

2006 నుంచి ఈ ఊరివాళ్ళు ఆగస్టు చివర్లో 'మూడు సంస్కృతుల పండగ' చేస్తున్నారు. క్రైస్తవ, ముస్లిం, యూదు సంస్కృతులు మూడూ మావేనని చెప్పుకునే పండగ. గోడల మీది పలకల్లో ఓడిపోయినవాళ్ళ కథని దాచకుండా రాయించుకున్నారు కూడా. ఆ మాటకి వాళ్ళని మెచ్చుకోవాలి.

గడప మర్యాద

ఇప్పుడు చెప్పబోయేది కాస్త మనసులో పెట్టుకోండి. ఆ సందుల్లో తలుపులు తరచూ తెరిచే ఉంటాయి. లోపల చల్లటి నడవా, పూలకుండీలు, పాత కుర్చీ, గోడకి పింగాణీ పళ్ళేలు... చూడముచ్చటగా ఉంటుంది. కెమెరా లోపలికి పెట్టి క్లిక్కుమనిపించాలనిపిస్తుంది. వద్దు! అది బొమ్మల కొలువు కాదు, ఒకావిడ ఇల్లు. రోజూ వందలమంది మన గడపలోకి తొంగి చూస్తుంటే మనకెలా ఉంటుంది? తలుపు తెరిపించి లోపలికి చూడాలన్న శాసనం ఒకప్పుడు ఈ గడపలు చూసినవే. ఇప్పుడు మనం సరదాకి ఆ పని చేయకూడదు కదా.

గుమ్మంలో పెద్దావిడ కూర్చుని ఉంటే ఓ చిరునవ్వు నవ్వి "బ్వేనోస్ దీయాస్" అనండి. శుభోదయం అన్నమాట. భోజనాల వేళ దాటితే "బ్వేనాస్ తార్దెస్". ఆ ఒక్క పలకరింపుతో ఆవిడ మొహం విచ్చుకుంటుంది. మెట్ల మీద గుంపుగా కూర్చుని దారి మూసేయకండి. ఆ దారినే పాల సీసాలూ, గ్యాసు బండలూ ఇళ్ళకి వెళ్ళాలి.

దిగుతూ 1676 నాటి సాన్ ఆంటోనియో చర్చి, ఆ తరవాత ఊరి పాత నీటి ధార 'ఫ్వెంతె వియేహా' చూడండి. పదిహేడో శతాబ్దం నాటిది. మనుషులకీ, పశువులకీ నీళ్ళు ఇక్కడే. బిందెలు నింపుకోవడానికొచ్చి ఎన్ని తరాల ఆడవాళ్ళు ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో!

ఆకలేస్తోందా?

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం ఒంటిగంటన్నర, రెండు దాటితే గానీ మొదలవదు. రెండు నుంచి అయిదు దాకా చాలా దుకాణాలు మూసేస్తారు. కాబట్టి పానకం సీసా, ఎండు ద్రాక్ష లాంటివి కొనాలంటే భోజనానికి ముందే కొనేసుకోండి.

ఎండు ద్రాక్ష అంటే గుర్తొచ్చింది. ఈ ప్రాంతంలో మస్కట్ ద్రాక్ష గుత్తుల్ని కొండ వాలున ఎండకి పరిచి, రాత్రి మంచు పడకుండా కప్పి, మళ్ళీ పొద్దున్నే తీసి, అటూ ఇటూ తిప్పి ఎండబెడతారు. మనం వడియాలు పెట్టి కాకులకి కాపలా కాసినంత ఓపిక కావాలి. ఈ పాత పద్ధతిని 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

శాకాహారులు ఓ జాగ్రత్త తీసుకోవాలి. "కూరగాయలే" అని చెప్పినా పైన పంది మాంసం పలుకులు చల్లి తెచ్చేస్తారు, వాళ్ళ దృష్టిలో అది అలంకారం! అందుకని "సిన్ కార్నె, సిన్ హామోన్, సిన్ పెస్కాదో" అనండి. మాంసం, పంది మాంసం, చేప వద్దని అర్థం. వేపుళ్ళు చేపలు వేయించిన నూనెలోనే వేస్తారేమో కూడా అడగండి. వంకాయ వేపుడు కాక, బాదంపప్పూ వెల్లుల్లీ రొట్టే రుబ్బి చేసే 'ఆహోబ్లాంకో' అనే చల్లటి తెల్ల సూపు ఉంటుంది. పైన ద్రాక్షపళ్ళు వేసిస్తారు. వేసవిలో మన మజ్జిగలాగా కడుపు చల్లబడుతుంది.

మీ వంటింట్లో... వంకాయ – చెరకు పాకం

కావలసినవి: పెద్ద వంకాయలు 2 (పొడుగు వంకాయలైతే 4), పాలు 2 కప్పులు, మైదా 1 కప్పు, ఉప్పు, వేయించడానికి నూనె, బెల్లం 100 గ్రాములు.

చేసే విధానం: వంకాయల్ని సన్నటి చక్రాలుగా తరగాలి. పాలల్లో చెంచాడు ఉప్పు కలిపి ముక్కల్ని అరగంట నాననివ్వాలి. దాంతో చేదు పోతుంది, ముక్క నల్లబడదు, నూనె కూడా తక్కువ పీలుస్తుంది. ఈలోగా బెల్లంలో పావు కప్పు నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. తీగపాకం రాకముందే, తేనెలా జారుతున్నప్పుడే దించేయాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది సుమా!

ముక్కల్ని తీసి పాలు ఓడ్చి, మైదాలో దొర్లించి, ఎక్కువైన పిండి దులిపేయండి. నూనె బాగా కాగాక కొద్దికొద్దిగా వేసి, బంగారు రంగు రాగానే తీయండి. పళ్ళెంలో పరిచి, తినబోయే ముందు మాత్రమే పాకం సన్నటి ధారగా పోయండి. ముందే పోస్తే మెత్తబడిపోతాయి. ఆఖరున చిటికెడు ఉప్పు చల్లితే తీపీ ఉప్పూ కలిసి... అబ్బ, మీరే చెబుతారు!

పెట్టె సర్దుకునే ముందు

* బ్రిటన్ వీసా ఉంటే సరిపోదు. స్పెయిన్‌కి షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి.

* అడుగున పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. గులకరాళ్ళు నునుపు, తడిస్తే జారుతాయి. చీర కట్టుకున్నా ఫర్వాలేదు, కుచ్చిళ్ళు కాస్త పైకి.

* మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పై పేట ఎక్కక్కర్లేదు. చెరకు మిల్లు నుంచి చర్చి దాకా ఉన్న ప్రధాన వీధి 'కాయె రెయాల్' మీద నెమ్మదిగా నడిస్తే చాలు, ఊరి అందం అక్కడా ఉంది.

* జులై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువే, రద్దీ ఎక్కువే. వసంతం, శరత్తు హాయి.

* పానకం సీసా కొంటే చేతి సంచిలో కాక సామాన్లతో వేసే పెట్టెలో, బట్టల మధ్య చుట్టి పెట్టండి.

* తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే చూసుకోండి. తరవాత కంగారు పడొద్దు.

వెళ్ళగలిగిన వాళ్ళు ఆ 12 పలకలూ చూసి రండి, గుమ్మంలోని పెద్దావిడని పలకరించి రండి. వెళ్ళలేకపోతే ఈ ఆదివారం వంకాయ మీద పాకం పోసి పెట్టండి. "ఇదెక్కడి వంట?" అని అత్తగారు అడిగితే, "మన దగ్గర్నుంచి వెళ్ళిందేనండీ, కాస్త చుట్టు తిరిగి ఇంటికొచ్చింది" అని చెప్పండి. అందులో అబద్ధమేం లేదు మరి!